చాందా ఎండకు తట్టుకునే కిటికీలు: పాతవి తీసి కొత్తవి పెట్టించేముందు ఏం చూడాలి

మహారాష్ట్రలోని చంద్రపూర్ (చాందా), బల్లార్షా, రాజురా వైపు మనవాళ్ల ఇళ్లలో ఈమధ్య పాత ఇనుప కిటికీలు, చెక్క కిటికీలు తీసేసి యూపీవీసీవో (గట్టి ప్లాస్టిక్) అల్యూమినియంవో పెట్టించుకోవడం బాగా పెరిగింది. మంచిదే. కానీ షాపుకి వెళ్తే మాట "స్లైడింగా, రెక్కలదా? తెలుపా, బ్రౌనా?" దగ్గరే మొదలై అక్కడే అయిపోతోంది. మే నెలలో 45, 46 డిగ్రీలు చూసే ఊళ్లో ఆ రెండు ప్రశ్నలు చాలవు. అద్దంలోంచి ఎండ వేడి ఎంత వస్తోంది, సందుల్లోంచి గాలి ఎంత వస్తోంది, ఆ గదిలో వాడేది కూలరా ఏసీనా, ఈ మూడూ తేలితే తప్ప డబ్బు ఎక్కడ పెట్టాలో తెలీదు.

ముందు ఎండ ఎటు పడుతోందో చూడండి

కొలతలకు మనిషిని పిలవకముందే, ఒక సెలవు రోజు ఇంట్లో ఉండి ప్రతి కిటికీ మీద ఎండ ఏ టైముకి పడి ఏ టైముకి పోతుందో కాగితం మీద రాసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో రాస్తే మరీ మంచిది.

చాలామంది దక్షిణం వైపు కిటికీకి భయపడతారు. చంద్రపూర్ దాదాపు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 20 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ క్షణంలో నీడే ఉండదు. తర్వాత జూలై 22, 23 దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. అంటే అసలైన ఎండలప్పుడు దక్షిణం కిటికీ మీద, పైన సజ్జ ఉంటే, నేరుగా ఎండ పడేది చాలా తక్కువ. డిసెంబరులో అదే కిటికీలోంచి ఏటవాలుగా ఎండ లోపలికి వస్తుంది, చలి పొద్దుల్లో అది హాయిగానే ఉంటుంది. దాన్ని కదిలించకండి.

ఇబ్బంది పెట్టేది పడమర కిటికీ. మూడు గంటల నుంచి ఆరు దాకా సూర్యుడు కిందికి దిగి కిటికీకి ఎదురుగా నిలబడతాడు, సాయంత్రమయ్యేకొద్దీ సజ్జ నీడ చాలదు. గోడలు, స్లాబ్ అప్పటికే కాగి ఉంటాయి, దాని మీద ఇది. తూర్పు కిటికీ దీని తర్వాత. జూన్‌లో సూర్యుడు సరిగ్గా పడమర కాకుండా 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు కాబట్టి ఉత్తరం కిటికీలకు కూడా సాయంత్రం కాసేపు పక్కనుంచి ఎండ తగులుతుంది. అదేమంత పెద్దది కాదు.

కాబట్టి ఇంట్లో ఎనిమిది కిటికీలు ఉంటే ఎనిమిదింటికీ ఖరీదైన అద్దం అక్కర్లేదు. పడమరవి, ఆ తర్వాత తూర్పువి. మిగతావాటికి మామూలు అద్దం, మంచి ఫ్రేమ్ చాలు. ఈ ఒక్క కాగితంతోనే బడ్జెట్ చాలా తగ్గుతుంది.

రెండు నంబర్లు అర్థం చేసుకోండి

అద్దం గురించి మాట్లాడేటప్పుడు యూ వాల్యూ, ఎస్‌హెచ్‌జీసీ అని రెండు మాటలు వినిపిస్తాయి. బయటి వేడిగాలికీ లోపలి చల్లగాలికీ ఉన్న తేడా వల్ల అద్దం గుండా ఎంత వేడి పారుతుందో యూ వాల్యూ చెబుతుంది. అద్దం మీద పడ్డ ఎండలో ఎంత వంతు వేడిగా లోపలికి చేరుతుందో ఎస్‌హెచ్‌జీసీ చెబుతుంది. రెండూ ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాల వాళ్లు రాసినవి. వాళ్లకి లోపలి వెచ్చదనం బయటికి పోకుండా ఉండాలి, అందుకే యూ వాల్యూ అంటారు. మనకి ముందు చూడాల్సింది ఎస్‌హెచ్‌జీసీ. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

నాలుగడుగులకు నాలుగడుగుల పడమర కిటికీ తీసుకోండి. అద్దం సుమారు 1.5 చదరపు మీటర్లు. సాయంత్రం ఎండ దాని మీద చదరపు మీటరుకి 600 వాట్ల లెక్కన పడుతోందనుకుందాం. మామూలు తెల్ల అద్దం ఎస్‌హెచ్‌జీసీ 0.85 చుట్టూ ఉంటుంది. అంటే ఆ ఒక్క కిటికీలోంచి 765 వాట్ల వేడి. మే నెలలో గదిలో చిన్న హీటర్ వేసుకుని కూర్చున్నట్టే. 0.30 ఉన్న సోలార్ కంట్రోల్ అద్దం (ఎండ వేడిని తగ్గించే పూత ఉన్నది) పెడితే 270 వాట్లకు దిగుతుంది. దాదాపు 500 వాట్లు తగ్గింది.

ఇప్పుడు యూ వాల్యూ సంగతి. ఒంటి అద్దానికి అది 5.8 చుట్టూ, అంటే ఒక్కో డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 5.8 వాట్లు. బయట 45, ఏసీ గదిలో 28 ఉంటే 17 డిగ్రీల తేడాకి వచ్చే వేడి సుమారు 148 వాట్లు. రెండు తెల్ల అద్దాలు పెట్టి మధ్యలో గాలి వదిలిన డబుల్ గ్లాస్‌కి యూ వాల్యూ 2.8 చుట్టూ ఉంటుంది, అప్పుడు 71 వాట్లు. తగ్గింది 77 మాత్రమే. పైగా రెండూ తెల్ల అద్దాలే అయితే ఎస్‌హెచ్‌జీసీ 0.70కి పైనే ఉంటుంది. అంటే ఎండ దాదాపుగా అలాగే వస్తుంది.

"డబుల్ గ్లాస్ పెట్టించాం సార్, ఇక వేడి రాదు" అని ఎవరైనా అంటే, లోపల ఏ అద్దం పెట్టారు, దాని ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని అడగండి. సెయింట్ గోబెన్, ఏఐఎస్ లాంటి అద్దం కంపెనీలు ప్రతి రకానికీ ఈ అంకెలతో డేటా షీట్ ఇస్తాయి. ఆ షీటు చూపించలేని చోట ఎక్కువ రేటు పెట్టకండి.

అదే షీటులో వీఎల్‌టీ అని ఇంకో అంకె ఉంటుంది, వెలుతురు ఎంత శాతం లోపలికి వస్తుందో అది. బాగా నల్ల అద్దం పెట్టించి పగలు కూడా లైట్లు వేసుకునే ఇళ్లున్నాయి. వీఎల్‌టీ 40 శాతానికి తగ్గకుండా, ఎస్‌హెచ్‌జీసీ 0.35 లోపు ఉన్న అద్దాలు దొరుకుతాయి, అవి అడగండి. నీలం, ఆకుపచ్చ టింట్ అద్దాలు చూడటానికి చల్లగా ఉంటాయి గానీ అవి ఎండను పీల్చుకుని తామే కాగిపోయి, ఆ వేడిలో కొంత గదిలోకి వదులుతాయి. 6 మి.మీ. టింట్ అద్దం కూడా సగం పైనే వేడిని లోపలికి పంపుతుంది. పైగా ఇలా కాగే అద్దం సగం ఎండలో, సగం నీడలో ఉంటే పగిలే ప్రమాదం ఉంది. అందుకే టింట్ అయినా రిఫ్లెక్టివ్ అయినా టఫెన్ చేయించిందే (కాల్చి గట్టిపరిచినదే) తీసుకోండి.

కూలర్ గదా, ఏసీ గదా

కూలర్ గదికీ ఏసీ గదికీ ఒకే కిటికీ పనికిరాదు.

కూలర్ బయటి గాలిని తడి గడ్డి గుండా లాగి లోపలికి తోస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి, లేకపోతే గంటలో గది చెమ్మతో ఉక్కపోస్తుంది. కిటికీలన్నీ బిగించి, గాలి చొరబడకుండా అంచుల్లో రబ్బరు పట్టీలు (గాస్కెట్లు) వేయించి, ఆ గదిలో కూలర్ నడిపితే పెట్టిన ఖర్చే మీకు ఎదురు తిరుగుతుంది. కూలర్ గదికి కావాల్సింది పూర్తిగా తెరుచుకునే కిటికీ, కూలర్‌కి ఎదురు గోడలో ఇంకో కిటికీయో వెంటిలేటరో, పడమర ఎండకి బయట నీడ. డబుల్ గ్లాస్ అక్కడ దండగ.

కూలర్ ఆనించే కిటికీ విషయంలో ఆర్డర్ ఇచ్చేటప్పుడే జాగ్రత్త పడండి. బయటికి తెరుచుకునే రెక్కల కిటికీ పెడితే రెక్క స్టాండు మీది కూలర్‌కి తగులుతుంది. స్లైడింగ్ అయితే సగమే తెరుచుకుంటుంది, కూలర్ మూతి పోను మిగిలిన సందుని ప్లైవుడ్ ముక్కతోనో థర్మాకోల్‌తోనో కప్పి టేపు వేస్తుంటాం, ఆ సందులోంచి రాత్రంతా దోమలు. దీనికి మంచి దారి ఉంది. కూలర్ మూతి కొలత ముందే ఇచ్చి, కిటికీ కింది భాగంలో విప్పి పెట్టుకునే ప్యానెల్ ఒకటి చేయించుకోండి. మార్చిలో ప్యానెల్ తీసి కూలర్, వానలు పడ్డాక కూలర్ తీసి ప్యానెల్. మామూలుగా చేసే ఫ్యాబ్రికేటర్‌కైనా ఇది కష్టమైన పని కాదు, కానీ మీరు అడగాలి.

ఏసీ గదికి ఇదంతా తలకిందులు. అక్కడ సందు ఉండకూడదు. గాస్కెట్ గట్టిగా ఒత్తుకునే రెక్కల కిటికీ, పడమర అయితే సోలార్ కంట్రోల్ అద్దం, డబ్బు ఉంటే "లో-ఈ" (low-e) అనే, వేడిని వెనక్కి తిప్పే పల్చటి పూతతో డబుల్ గ్లాస్. మంచి లో ఈ డబుల్ గ్లాస్‌లో ఎస్‌హెచ్‌జీసీ 0.30కి, యూ వాల్యూ 1.8కి అటూ ఇటూగా దొరుకుతాయి.

కరెంటు ఎంత మిగులుతుందో కూడా నిజాయితీగా చెప్పుకుందాం. పైన లెక్క వేసిన పడమర కిటికీకి అద్దం మారిస్తే ఏసీ మీద రోజుకి అర యూనిట్ చుట్టూ తగ్గుతుంది. నెలకి ఒక పదిహేను యూనిట్లు. రెండు మూడు కిటికీలైతే మహావితరణ్ (మహారాష్ట్ర కరెంటు సంస్థ) బిల్లు 300 యూనిట్ల స్లాబ్ దాటకుండా ఆగడానికి అది పనికొస్తుంది. అంతే గానీ, బిల్లులో మిగిలిన డబ్బుతో కిటికీ ఖర్చు రెండేళ్లలో తిరిగొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీకు దక్కేది ఏమిటంటే, సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో పిల్లలు కూర్చుని చదువుకోగలరు, పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చగలరు. నా దృష్టిలో దానికి విలువ ఎక్కువ.

పాత ఫ్రేమ్ నిజంగా తీసేయాలా?

మీ ఇంట్లో ఉన్నది టేకు అయితే తొందరపడకండి. ఈ జిల్లా టేకుకి దేశమంతా పేరుంది, 2023లో అయోధ్య రామాలయానికి టేకు వెళ్లింది బల్లార్షా నుంచే. పాత ఇళ్లలో సీపీ టేకు (పాత సెంట్రల్ ప్రావిన్సెస్, అంటే ఈ ప్రాంతపు టేకు) చౌకట్లు యాభై ఏళ్లయినా చెక్కుచెదరకుండా ఉంటాయి. చెక్క వేడిని చాలా తక్కువ పారనిస్తుంది, అల్యూమినియంతో పోలికే లేదు. అలాంటి దాన్ని పాత సామానువాడికి ఇచ్చేసి పల్చటి అల్యూమినియం సెక్షన్ పెట్టించడం చూస్తే బాధేస్తుంది.

చౌకట్టు మూలల్లో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే, చెద తగిలి ఉంటే మార్చాల్సిందే. గట్టిగా ఉంటే రెక్కలు సరిచేయించి, చుట్టూ రబ్బరు గాస్కెట్ వేయించి, అద్దం ఒక్కటే మార్చండి. డబుల్ గ్లాస్ మాత్రం ఇక్కడ కుదరదు. 5 మి.మీ. అద్దాలు రెండు, మధ్యలో 12 మి.మీ. ఖాళీ కలిస్తే 22 మి.మీ. మందం, పాత రెక్క గాడిలో పట్టదు. చదరపు మీటరుకి 25 కిలోల బరువు, బందులు మోయలేవు. ఒంటి అద్దంగా వాడుకోగలిగే హార్డ్ కోటింగ్ సోలార్ కంట్రోల్ అద్దాలుంటాయి, అవే అడగండి. పూత వైపు గది లోపలికి రావాలి. సాఫ్ట్ కోటింగ్ లో ఈ మాత్రం డబుల్ గ్లాస్ లోపలే ఉండాలి, బయట పెడితే పూత పాడైపోతుంది.

అద్దె ఇంట్లోనో కంపెనీ క్వార్టర్లోనో ఉంటే అద్దాలు కూడా మార్చలేరు. ఎవరికైనా సరే, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసేది బయట నీడ. పడమర కిటికీకి బయట వెదురు తెరో గ్రీన్ నెట్టో జానెడు ఎడంగా కట్టండి. ఎండని అద్దం తాకకముందే ఆపాలి. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా, అద్దం దాటి వచ్చిన వేడి చాలావరకు గదిలోనే ఉంటుంది.

పై అంతస్తులో ఉండేవాళ్లకి ఒక మాట. మీ గది వేడిలో పెద్ద వాటా స్లాబ్‌ది. పైన తెల్లగా సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయకుండా కిటికీలకు లక్షలు పెట్టకండి. ముందు పైకప్పు, తర్వాత కిటికీ.

ఫ్రేమ్, తెరుచుకునే తీరు

అల్యూమినియం గట్టిది, సన్నగా ఉంటుంది, చాలాకాలం ఉంటుంది. కానీ వేడిని ఇట్టే లోపలికి తెస్తుంది, మే నెల సాయంత్రం లోపలి వైపు ముట్టుకుంటే తెలిసిపోతుంది. మధ్యలో ప్లాస్టిక్ అడ్డుపట్టీ ఉన్న థర్మల్ బ్రేక్ రకం మంచిదే గానీ ఖరీదు.

యూపీవీసీలో మంచి చెడు చాలా ఉంది. షాపులో అడ్డంగా కోసిన ముక్క చూపించమనండి. లోపల గదులు ఎన్ని ఉన్నాయో, బయటి గోడ మందం ఎంతో కనిపిస్తుంది. యూరప్ ప్రమాణంలో ఆ మందం ఏ క్లాస్‌కి 2.8 మి.మీ., బీ క్లాస్‌కి 2.5 మి.మీ. దాని లోపల జింక్ పూత ఇనుప పట్టీ ఉండాలి, పెద్ద కిటికీకి అది లేకపోతే ఫ్రేమ్ వంగుతుంది. బిగించిన తర్వాత ఒక అయస్కాంతం ఫ్రేమ్ మీద పెట్టి చూస్తే పట్టీ వేశారో లేదో తెలుస్తుంది. రంగు తెలుపే తీసుకోండి. ముదురు బ్రౌన్ ప్రొఫైల్ పడమర ఎండకి ఎక్కువ కాగి, సాగి, రెక్క బిగుసుకుంటుంది.

స్లైడింగ్‌లో రెక్కలు జరగాలి కాబట్టి అంచుల్లో బ్రష్ లాంటి పట్టీ ఉంటుంది, అది గాలినీ దుమ్మునీ పూర్తిగా ఆపలేదు. బొగ్గు గనుల దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఉండేవాళ్లకి ఇది రోజూ కనిపించే సంగతే, పొద్దున్న తుడిచిన ట్రాకులో సాయంత్రానికి నల్లటి పొర. రెక్కల కిటికీ మూస్తే గాస్కెట్ ఒత్తుకుని మూసుకుంటుంది. తెరిస్తే 90 శాతం తెరుచుకుంటుంది, రెండు ట్రాకుల స్లైడింగ్ సగమే. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో (ఇళ్లలో కరెంటు పొదుపు కోసం పెట్టిన నియమావళి) నాగపూర్ లాంటి కాంపోజిట్ (ఎండ, చెమ్మ, చలి మూడూ ఉండే) వాతావరణానికి, ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 12.5 శాతం తెరుచుకునే కిటికీలు, తలుపులు బయటికి ఉండాలని ఉంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి అన్వయిస్తే 15 చదరపు అడుగులు. నాలుగడుగుల చదరపు కిటికీ స్లైడింగ్ పెడితే మీకు దక్కేది 8, రెక్కలది పెడితే 14 పైనే. మన దగ్గర వేసవిలో అర్ధరాత్రి దాటాక తెరిచి, పొద్దున్న ఎనిమిది లోపు మూసేసుకోవడమే పాత పద్ధతి. దానికి పెద్దగా తెరుచుకునే కిటికీ, దోమల జాలీ రెండూ ఉండాలి. గ్రిల్ లోపలి వైపు ఉందా బయటి వైపు ఉందా అన్నది ఫ్యాబ్రికేటర్‌కి ముందే చెప్పండి, రెక్క ఎటు తెరవాలో, జాలీ ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.

కొటేషన్, కొలతలు

కనీసం మూడు చోట్ల రేటు అడగండి. చదరపు అడుగుకి ఇంత అని మొత్తంగా చెబితే ఒప్పుకోకండి. ఫ్రేమ్ బ్రాండు, అద్దం పేరు, మందం, ఎస్‌హెచ్‌జీసీ, జాలీ, హార్డ్‌వేర్, బిగింపు, పాతది తీసి గోడ సరిచేసే ఖర్చు, జీఎస్టీ కలిపా కలపకా, అన్నీ విడివిడిగా రాయించుకోండి. గోడ ప్యాచ్ పని ఎవరిది అనే దగ్గరే తర్వాత గొడవలన్నీ వస్తాయి.

వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఎత్తు కూడా మూడు చోట్ల కొలవాలి. అన్నిటికన్నా చిన్న కొలతే లెక్క. డబుల్ గ్లాస్, టఫెన్ చేసిన అద్దం సైట్‌లో కోయలేరు. కొలత తప్పితే మళ్లీ కొత్తగా చేయించాల్సిందే, అందుకే కొలతల కాగితం మీద ఫ్యాబ్రికేటర్ సంతకం ఉండాలి.

బిగించే రోజు పక్కనే ఉండండి

డబుల్ గ్లాస్ వచ్చిందనుకోండి, అడిగిన లో ఈ అద్దమేనా అని ఇంట్లోనే చూసుకోవచ్చు. చీకటి గదిలో అద్దం ముందు లైటర్ వెలిగించి కాస్త పక్కనుంచి చూడండి. రెండు అద్దాలకు నాలుగు ముఖాలు కాబట్టి నాలుగు మంటలు కనిపిస్తాయి. నాలుగూ ఒకే రంగులో ఉంటే పూత లేదు. ఒకటి వేరే రంగులో కనిపిస్తే అది లో ఈ పూత. మీరు డబ్బు కట్టింది దానికే, కాబట్టి మొహమాటపడకుండా చూసుకోండి. రెండు అద్దాల మధ్య ఆవిరి పట్టినట్టు కనిపిస్తే సీలు పోయినట్టే, వెనక్కి పంపండి.

ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య ఖాళీలో పీయూ ఫోమ్ (ఉబ్బి గట్టిపడే నురగ) కొడతారు. అది ఎండ తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది, కాబట్టి బయటి వైపు సిలికాన్ సీలెంట్‌తో గానీ ప్లాస్టరింగ్‌తో గానీ పూర్తిగా కప్పించండి. కింది గట్టు బయటికి వాలుగా ఉండాలి. ఫ్రేమ్ కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, తొందరలో సీలెంట్‌తో వాటిని మూసేస్తారు, చూసుకోండి.

చివరి బాకీ ఇచ్చేముందు రెక్క మూసి, మధ్యలో కాగితం పెట్టి లాగండి. సులువుగా వచ్చేస్తే గాస్కెట్ అక్కడ ఒత్తుకోవడం లేదు, బందు సరిచేయాలి. తర్వాత ఫ్యాన్ ఆపి, గాలి ఉన్న రోజు అగరుబత్తి వెలిగించి ఫ్రేమ్ చుట్టూ నెమ్మదిగా తిప్పండి. పొగ ఊగిన చోటల్లా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, మనుషులు ఉండగానే పూడ్పించండి. ఒక బకెట్ నీళ్లు బయటినుంచి కొట్టించి లోపలికి చుక్క రాలేదని చూసుకోండి. మొత్తం డబ్బులో కొంత మాత్రం మొదటి పెద్ద వాన పడే వరకు ఆపుకుంటామని కొటేషన్ రోజే రాయించుకుంటే, జూన్‌లో ఫోన్ చేసినప్పుడు మనిషి వస్తాడు.